ముక్కలు చేయడం సరే, లెక్క ఎవరి దగ్గర ఉండాలి?

మా అక్క కొడుకు కర్నూలులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. మా బావకు మానవపాడులో మిర్చి కాటా పని. రైతులు తెచ్చిన బస్తాలు తూకం వేసి, లెక్క రాసి, లారీకి ఎక్కించి గుంటూరు పంపించడం ఆయన పని. బావ వాళ్ల నాన్న కూడా ఇదే పని చేశారు. అప్పటి నుంచి ఇప్పటి దాకా లెక్కంతా చేతి రాతే. పొడుగాటి చిట్టా పుస్తకం, చెవిలో పెన్ను.

పోయిన సీజన్‌లో పిల్లోడు "అబ్బా, ఈ పుస్తకం పక్కన పెట్టు, ఫోన్‌లో చేసిస్తా" అన్నాడు. కాలేజీలో రియాక్ట్ నేర్చుకున్నాడు. నెల రోజులు కూర్చొని ఒక పేజీ తయారు చేశాడు. పైన రైతు పేరు, తారీఖు, టక్ టక్ మంటూ సెకన్లు చూపించే గడియారం. మధ్యలో బస్తాల వరుస, ఒక్కో బస్తాకు తూకం రాసే డబ్బా, తాలు కాయ అయితే పక్కన టిక్కు. కింద క్వింటాల్ ధర, హమాలీ, చివరికి రైతుకు ఇవ్వాల్సిన మొత్తం. చూడటానికి బాగుంది. బావ కూడా సంతోషపడ్డాడు.

కొద్ది రోజులకే ఒక రైతు అందరి ముందు తన జేబులోంచి కాగితం తీసి, "మీ ఫోన్ నాకు 1,350 రూపాయలు తక్కువ చెప్తాంది భాయ్" అన్నాడు. కాగితం కరెక్టు, ఫోన్ తప్పు. బావ ఆ డబ్బు అక్కడికక్కడే ఇచ్చేశాడు గానీ, ఆ రోజు నుంచి మళ్లీ చిట్టా పుస్తకం బయటికి వచ్చింది. కాటా పనిలో పేరు ఒక్కసారి పోతే మళ్లీ రాదు. పిల్లోడు నాకు ఫోన్ చేసి, "మామూ, నేను కోడ్ మంచిగా చేద్దామనే ముక్కలు చేసినా. ముక్కలు చేయకముందు లెక్క కరెక్టే వచ్చేది" అన్నాడు.

ఆ చివరి మాట కోసమే ఇది రాస్తున్నా. మీ ఇళ్లలోనూ కంప్యూటర్ కోర్సులు చదివే పిల్లలు ఉంటారు. "పెద్ద కాంపోనెంట్‌ను చిన్న చిన్న కాంపోనెంట్లుగా విడగొట్టు" అని సార్లు చెప్తారు, ఇంటర్వ్యూలో అడుగుతారు. ఎక్కడ కోయాలో మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పరు.

కాంపోనెంట్ అంటే ఏంటి?

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. ఫోన్‌లో మనం చూసే తెరలో ఒక భాగం, ఆ భాగం ఎలా నడుచుకోవాలో చెప్పే కోడ్, రెండూ కలిపితే కాంపోనెంట్. బటన్ ఒక కాంపోనెంట్ కావచ్చు, మొత్తం పేజీ కూడా ఒక కాంపోనెంట్ కావచ్చు. పాత పద్ధతిలో అయితే అంకె మారినప్పుడల్లా "ఫలానా చోట ఉన్న ఈ అక్షరాలు తీసేసి ఇవి పెట్టు" అని ప్రోగ్రామరే ఒక్కొక్కటి రాసుకోవాలి. కొత్త పద్ధతిలో అంకె మారితే తెర తనంతట తానే మారుతుంది. దీన్నే రియాక్టివ్ అంటారు. ఫేస్‌బుక్‌లో పనిచేసిన జోర్డన్ వాక్ మొదలుపెట్టిన రియాక్ట్‌ను 2013 మే నెలలో అందరికీ ఉచితంగా ఇచ్చారు. తర్వాత 2014లో ఇవాన్ యూ తెచ్చిన వ్యూ, 2016లో రిచ్ హారిస్ తెచ్చిన స్వెల్ట్ వచ్చాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల యాప్‌లకు గూగుల్ వాళ్ల జెట్‌ప్యాక్ కంపోజ్ 2021లో వచ్చింది. పేర్లు వేరు, లోపల నడక దాదాపు ఒకటే.

ఇందులో గుర్తు పెట్టుకోవాల్సినవి రెండు పదాలు. కాంపోనెంట్ తన దగ్గరే దాచుకొని, తానే మార్చుకునే విలువను స్టేట్ అంటారు. పై కాంపోనెంట్ నుంచి కిందికి వచ్చే విలువలను ప్రాప్స్ అంటారు. కిందివాడు ప్రాప్స్‌ను చదువుకోవచ్చు, వాడుకోవచ్చు, మార్చకూడదు.

మా నడిగడ్డ వాళ్లకు ఇది చెప్పడం సులువు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యలో మేము. మా పొలాలకు నీళ్లు రావాల్సింది ఆర్డీఎస్ కాలువ నుంచి. ఆనకట్ట రాయచూరు జిల్లా రాజోలిబండ దగ్గర, కాగితం మీద మా వైపు ఆయకట్టు 87,500 ఎకరాలు. నీళ్లు పై నుంచి కిందికే వస్తాయి. చివరి పొలం రైతుకు నీళ్లు ఎక్కువ కావాలన్నా, చాలనిపించినా కాలువలో నీళ్లను వెనక్కి తోయలేడు. లస్కర్‌కు కబురు పెట్టాలి, పైన షట్టర్ తిప్పాలి, అప్పుడు కింద మార్పు కనిపిస్తుంది. రియాక్ట్‌లో కూడా అంతే. విలువ పై నుంచి కిందికి ప్రాప్స్‌గా వస్తుంది. కింద ఉన్న తూకం డబ్బాలో అంకె మారితే, ఆ డబ్బా "ఈ బస్తా తూకం మారింది" అని పైకి కబురు పెడుతుంది. పైన స్టేట్ మారుతుంది. కొత్త విలువ మళ్లీ కాలువ వెంట కిందికి వస్తుంది.

మావాడి మొదటి పేజీ

మొదట వాడు రాసింది ఒక్కటే కాంపోనెంట్. ఆరేడు వందల లైన్లు. గడియారం, రైతు పేరు వెతికే డబ్బా, బస్తాలు, ధర, మొత్తం అన్నీ అందులోనే. లెక్క తప్పు రాలేదు, ఎందుకంటే అన్ని అంకెలూ ఒకే చోట ఉన్నాయి. కానీ ఫోన్ మొరాయించేది. గడియారం సెకనుకు ఒకసారి మారుతుంది. స్టేట్ మారితే ఆ స్టేట్ ఉన్న కాంపోనెంట్ మొత్తం మళ్లీ మొదటి నుంచి లెక్కేసుకుంటుంది. అంటే గడియారంలో ఒక్క అంకె మారినందుకు రెండు వందల బస్తాల వరుస కూడా ప్రతి సెకనూ తిరిగి లెక్కలోకి వస్తోంది. కొత్త ఫోన్లలో ఇది తెలియదు. బావది నాలుగేళ్ల పాత ఫోన్, దానికి తోడు ఎండలో కాటా పక్కన వేడెక్కి ఉంటుంది. 4 నొక్కితే కాసేపటికి 4 పడేది.

ఇక్కడ ఒక్క పని చేస్తే సరిపోయేది. గడియారాన్ని విడిగా ఒక కాంపోనెంట్ చేసి, టైము అనే స్టేట్‌ను దాని లోపలే పెడితే, సెకను మారినప్పుడు గడియారం ఒక్కటే మారుతుంది, బస్తాల జోలికి పోదు. టైముతో ఇంకెవరికీ పని లేదు కదా. అసలు కాటా పేజీలో సెకన్ల గడియారం ఎందుకని నేనడిగితే "బాగుంటుందని" అన్నాడు. సరే, వాడి వయసు.

వాడు ఆ ఒక్క పని చేయలేదు. ఫైలు పెద్దగా ఉందని మొత్తం పేజీని ఒకేసారి కోసేశాడు.

మొదటి కోతలో కీబోర్డు మూసుకుపోయేది. బస్తా వరుసను చూపించే కాంపోనెంట్‌ను వాడు పెద్ద కాంపోనెంట్ లోపలే, దాని బ్రాకెట్ల మధ్యలోనే రాశాడు. చూడటానికి ముక్క చేసినట్టే ఉంటుంది. కానీ పెద్దది మళ్లీ నడిచిన ప్రతిసారీ లోపల ఉన్న చిన్నది కొత్తగా పుడుతుంది. పేరు అదే అయినా రియాక్ట్‌కు అది వేరే మనిషి. పాత వరుసలన్నీ తీసేసి కొత్తవి పెడుతుంది. మీరు తూకం డబ్బాలో 4 నొక్కగానే ఆ డబ్బానే మాయమై దాని చోట కొత్త డబ్బా వస్తుంది, కర్సర్ పోతుంది, ఫోన్ కీబోర్డు మూసుకుంటుంది. మళ్లీ డబ్బాను తాకి 3 నొక్కాలి. ఈ తప్పు చేయని కుర్రాడిని నేను ఇంతవరకు చూడలేదు, నేనూ చేశాను. చిన్న కాంపోనెంట్‌ను బయట, పెద్దదానికి పక్కన రాయాలి. కావాల్సినవి ప్రాప్స్‌గా అందించాలి. అంతే.

వాడు ఆన్‌లైన్‌లో వెతికి ఇది సరిచేసుకున్నాడు. చేసుకుంటూ ఇంకో పని చేశాడు, 1,350 రూపాయల కథ అక్కడ మొదలైంది.

ఒకే అంకెకు రెండు ఇళ్లు

వరుసను బయటికి తీశాక, ప్రతి వరుసకూ తన సొంత స్టేట్ ఇచ్చాడు. పై నుంచి వచ్చిన తూకాన్ని వరుస తన దగ్గర కాపీ చేసుకుంటుంది. రాసేటప్పుడు ఆ కాపీ మారుతుంది. పక్కనున్న "సరే" నొక్కితే అప్పుడు పైకి కబురు వెళ్తుంది. వాడి ఆలోచనలో ఇది మంచిదే, ఎవరి పని వాళ్లు చూసుకుంటున్నారు కదా అని.

ఆ రోజు ఏం జరిగిందో మూడు బస్తాలతో చెప్తా. తూకాలు 41, 39, 43 కిలోలు. మూడోది రాసేటప్పుడు బావ తొందరలో 34 అని కొట్టి సరే నొక్కాడు. వెంటనే చూసుకొని 43గా దిద్దాడు. అంతలో లారీ డ్రైవర్ పిలిచాడు, సరే నొక్కడం మర్చిపోయాడు. తెర మీద 41, 39, 43 కనిపిస్తున్నాయి. రైతు చూశాడు, బావ చూశాడు, ఇద్దరికీ కరెక్టే. కానీ మొత్తం వేసే పై కాంపోనెంట్ దగ్గర మూడో బస్తా ఇంకా 34 కిలోలే. క్వింటాల్ 15,000 అనుకుంటే 123 కిలోలకు 18,450 రావాలి. ఫోన్ 114 కిలోలకు 17,100 చూపించింది. తేడా 1,350. తొమ్మిది కిలోలు గాల్లో కలిసిపోయాయి.

ఇందులో ప్రమాదం తేడా ఎంత అన్నది కాదు. తెర మీద కరెక్టు అంకె కనిపిస్తూ, కింద తప్పు మొత్తం రావడం. మనిషి కళ్లను నమ్ముతాడు. రైతు తన కాగితం తెచ్చుకోకపోయి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు.

ఇదే కాపీ వల్ల ఇంకోటి కూడా అయ్యేది. ఒక రైతు లెక్క మూసి ఇంకో రైతు లెక్క తెరిస్తే, పేరు మారేది గానీ కొన్ని వరుసల్లో పాత రైతు తూకాలే ఉండిపోయేవి. ఎందుకంటే స్టేట్‌కు మనం ఇచ్చే మొదటి విలువను రియాక్ట్ ఆ కాంపోనెంట్ పుట్టినప్పుడు ఒక్కసారే చూస్తుంది. తర్వాత పై నుంచి కొత్తది వచ్చినా, కాపీ అలాగే ఉంటుంది.

మరి తూకం ఎవరి దగ్గర ఉండాలి? నేను వాడిని ఈ ప్రశ్న అడిగి పెన్ను, కాగితం ఇచ్చా. "పేజీలో ఉన్న ప్రతి అంకె పేరు రాయి. దాని పక్కన, ఆ అంకెతో ఎవరెవరికి పనుందో రాయి" అన్నాను. తూకం పక్కన వాడు రాసింది: బస్తా వరుసకు చూపించడానికి కావాలి, మొత్తం వేసేవాడికి కూడికకు కావాలి. ఇద్దరు. ఆ ఇద్దరికీ పైన, దగ్గర్లో ఉన్న పెద్ద ఎవరు? లెక్క పేజీ. కాబట్టి తూకం లెక్క పేజీ దగ్గరే ఉండాలి, ఇంకెక్కడా కాపీ ఉండకూడదు. వరుస దాన్ని చూపిస్తుంది, మారితే ప్రతి అక్షరానికీ పైకి కబురు పెడుతుంది. "సరే" బటన్ అక్కర్లేదు. రియాక్ట్ వాళ్లు దీన్ని స్టేట్‌ను పైకి ఎత్తడం అంటారు. కంపోజ్‌లోనూ ఇదే మాట, హాయిస్టింగ్. వ్యూలో కూడా కిందివాడు ప్రాప్స్‌ను ముట్టుకోడు, పైకి ఈవెంట్ పంపుతాడు.

మొత్తం సంగతి? వాడు దానికీ ఒక స్టేట్ పెట్టాడు, తూకం మారినప్పుడల్లా మొత్తాన్ని కూడా మార్చేలా. అది తీసేయించా. తూకాలు, ధర ఉంటే మొత్తం ఎప్పుడంటే అప్పుడు వేసుకోవచ్చు. వేసుకోగలిగినదాన్ని దాచుకుంటే, ఏదో ఒక రోజు దాచింది పాతబడుతుంది. చిట్టా పుస్తకంలో కూడా బావ మొత్తాన్ని చివర్లోనే వేస్తాడు, బస్తా బస్తాకూ కాదు.

అన్నీ పైకి ఎత్తాలని కాదు సుమా. రైతు పేరు వెతికే డబ్బాలో సగం రాసిన అక్షరాలు ఉంటాయి. వాటితో వెతికే డబ్బాకు తప్ప ఎవరికీ పని లేదు, అక్కడే ఉండనీ. పేరు ఎంచుకున్నాక, ఆ ఎంచుకున్న పేరు పైకి వెళ్తుంది. గడియారం టైము గడియారం దగ్గరే.

ఇంకో చిన్న సంగతి, కొత్తగా నేర్చుకునే పిల్లలకు. తూకం డబ్బాలోంచి వచ్చేది అంకె కాదు, అక్షరాలు. నేరుగా కూడితే 41, 39 కలిపి 80 కాదు, 4139 వస్తుంది. కూడే ముందు అంకెగా మార్చుకోవాలి. అలాగని రాస్తుండగానే మారిస్తే 43.5 రాయాలనుకున్నవాడికి చుక్క దగ్గరే ఇబ్బంది. డబ్బాలో అక్షరాలుగానే ఉంచి, కూడిక దగ్గర మార్చడం మేలు.

తాలు టిక్కు పక్క బస్తాకు పోయింది

ఇది డబ్బు గొడవ దాకా రాలేదు గానీ, హమాలీలతో మాట వచ్చింది. మూడో బస్తా తాలు అని టిక్కు పెట్టారు. తర్వాత రెండో బస్తాలో తడి ఉందని రైతు వెనక్కి తీసుకున్నాడు, దాన్ని లిస్టులోంచి తీసేశారు. టిక్కు నాలుగో బస్తా మీదికి పోయింది. హమాలీలు ఫోన్ చూసి మంచి కాయను తాలు వైపు వేశారు.

కారణం చిన్నది. వరుసలు చాలా ఉన్నప్పుడు ఏది ఏదో గుర్తుపట్టడానికి ప్రతి వరుసకూ ఒక కీ ఇవ్వమని రియాక్ట్ అడుగుతుంది. వాడు వరుస నంబరునే కీగా ఇచ్చాడు. రెండోది పోగానే మూడోది రెండో స్థానానికి, నాలుగోది మూడో స్థానానికి జరిగాయి. టిక్కు వరుస సొంత స్టేట్‌లో ఉంది, అది "మూడో స్థానం"కు అంటుకొని ఉంది. మూడో స్థానంలో ఇప్పుడు ఉన్నది పాత నాలుగో బస్తా. క్యూలో మూడో మనిషికి చీటీ ఇవ్వకుండా, మూడో బండరాయి మీద చీటీ పెట్టినట్టు.

బస్తాను లిస్టులో చేర్చేటప్పుడే దానికో సొంత నంబరు ఇచ్చి, చివరిదాకా అదే కీగా వాడితే ఈ గొడవ రాదు. మధ్యలో ఎన్ని బస్తాలు పోయినా దాని నంబరు దానిదే. తాలుకు ధర వేరు కాబట్టి మొత్తానికి కూడా ఆ టిక్కుతో పని ఉంది, అందుకని టిక్కును కూడా లెక్క పేజీ దగ్గరికే మార్పించా.

ఎన్ని ముక్కలు చాలు?

తప్పులు దిద్దుకున్నాక మావాడికి ఉత్సాహం ఎక్కువైంది. తర్వాతి వారం చూస్తే ముప్పైకి పైగా కాంపోనెంట్లు. "రూపాయి గుర్తు" ఒక కాంపోనెంట్, "కిలోలు" అన్న మాట ఒక కాంపోనెంట్. ధర అనే అంకె ఐదు అంతస్తులు దాటుకుంటూ కిందికి దిగుతోంది, మధ్యలో ఉన్న నలుగురికీ దాంతో పని లేదు, చేతులు మార్చడమే. ఒక చోట పేరు మారిస్తే ఐదు ఫైళ్లు తెరవాలి.

ఇలాంటి చోట కాంటెక్స్ట్ వాడమంటారు. మధ్యవాళ్ల చేతుల మీదుగా పోకుండా, పైవాడు పెట్టినదాన్ని ఎంత లోతున ఉన్నవాడైనా నేరుగా అందుకోవచ్చు. ఆర్డీఎస్ చివరి భూములకు నీళ్లు అందక తుమ్మిళ్ల దగ్గర తుంగభద్ర నుంచి ఎత్తిపోతల పెట్టి కాలువలో పోస్తున్నారు కదా, కొంత అలాంటిదే. కానీ మా పేజీకి అంత అవసరం లేదు. అనవసరమైన అంతస్తులు తీసేస్తే ధర ఒక్క మెట్టులో చేరిపోయింది.

లైన్లు ఎక్కువయ్యాయని కోయడం నాకు నచ్చదు. మూడు వందల లైన్లున్నా పై నుంచి కిందికి చదివితే అర్థమయ్యే కాంపోనెంట్‌ను అలాగే ఉంచుతా. ఒకే ముక్క రెండు చోట్ల కావాలన్నప్పుడు, ఒక భాగం మాటిమాటికీ మారుతూ పక్కవాళ్లను కదిలిస్తున్నప్పుడు, ఒక స్టేట్‌తో ఒక్క మూలకే పని ఉన్నప్పుడు కోస్తా. పెద్దవాళ్లు కూడా ఈ విషయంలో మాట మార్చుకున్నారు. రియాక్ట్ టీమ్‌లో పేరున్న డాన్ అబ్రమోవ్ 2015లో ఒక వ్యాసం రాశాడు, చూపించే కాంపోనెంట్లు వేరు, లెక్క చూసే కాంపోనెంట్లు వేరుగా ఉంచండి అని. ప్రపంచమంతా దాన్నే పాటించింది. 2019లో హుక్స్ వచ్చాక, అదే వ్యాసం పైన ఆయనే రాశాడు, ఇకపై అలా విడగొట్టమని చెప్పడం లేదని. మన కాలేజీల్లో కొన్నిచోట్ల ఇప్పటికీ ఆ పాత పాఠమే నడుస్తోంది.

వేగం సంగతి కూడా చెప్పాలి. తూకం పైకి ఎత్తాక, ఒక బస్తాలో ఒక్క అంకె నొక్కినా లెక్క పేజీ మొత్తం మళ్లీ నడుస్తుంది కదా, మళ్లీ మొదటికొచ్చిందా? నిజమే, కొంత. అయితే సెకనుకోసారి కాదు, రాసినప్పుడే. దానికి పైన, మారని వరుసను మళ్లీ లెక్కేయవద్దని చెప్పే మెమో ఉంది. ఇప్పుడు రియాక్ట్ కంపైలర్ అని ఒకటి వచ్చింది, చాలా వరకు ఈ పని అదే చేసిపెడుతుంది. అయితే తూకం ఎవరి దగ్గర ఉండాలో కంపైలర్ చెప్పదు. ఏఐని అడిగి రాయించుకునే పిల్లలకూ ఇదే మాట. "ఈ కాంపోనెంట్‌ను ముక్కలు చేయి" అంటే చేస్తుంది. ఏ అంకెతో ఎవరికి పనుందో ముందు మీరు చెప్పకపోతే, మావాడు చేసిన కాపీ లాంటిదే చేసి ఇవ్వవచ్చు, చూడటానికి శుభ్రంగానే ఉంటుంది.

చివరికి పేజీలో ఆరు కాంపోనెంట్లు మిగిలాయి. లెక్క పేజీ, గడియారం, వెతికే డబ్బా, బస్తాల లిస్టు, బస్తా వరుస, మొత్తం. దిద్దిన రోజు మేమిద్దరం పాత చిట్టా పుస్తకంలోంచి పాతిక మంది రైతుల లెక్కలు తీసి ఒక్కొక్కటీ ఫోన్‌లో కొట్టి చూశాం. కావాలని తప్పులు కొట్టి దిద్దాం, మధ్యలో బస్తాలు తీసేశాం, ఒక లెక్క మూసి ఇంకోటి తెరిచాం. ఒక చోట తేడా వచ్చింది. కూర్చొని చూస్తే అది ఫోన్ తప్పు కాదు, పుస్తకంలో బావ రెండేళ్ల కింద వేసిన కూడిక. పిల్లోడు నవ్వాడు గానీ అబ్బాకు చెప్పే ధైర్యం చేయలేదు.

ఈ సీజన్‌లో బావ రెండూ వాడుతున్నాడు. ఫోన్‌లో కొడతాడు, పుస్తకంలోనూ రాస్తాడు, సాయంత్రం రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు. గడియారం మాత్రం తీసేయించాడు.